వసంతంలో పొలాల వెంట పిట్టలు, సీతాకోకచిలుకలు, చిమ్మటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మామిడి పూత రాలి పిందె పడే రోజుల నుంచి ఎండలు ముదిరేదాకా ప్రతి ఏడూ దాదాపు ఇవే సందేహాలు వస్తుంటాయి. ఎక్కడికెళ్లాలి, ఏం కొనాలి, ఇది సీతాకోకచిలుకా కాదా, ఈ గొంగళిపురుగు తగిలితే ఏమవుతుంది అని. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. చిమ్మట అంటే ఇక్కడ ఎక్కువగా రాత్రి దీపాల చుట్టూ తిరిగే, సీతాకోకచిలుకను పోలిన రెక్కల పురుగు, కీచుమని అరిచేది కాదు. రోజు గడిచే వరుసలో భాగాలు చేశాను. ఏ జవాబుకు ఆ జవాబు సరిపోతుంది కాబట్టి మీకు కావాల్సిన చోటి నుంచే చదువుకోండి. ఇక్కడ రాసినవి ముఖ్యంగా తెలంగాణ, రాయలసీమ, కోస్తా మెట్ట ప్రాంతాల సంగతులు.

## బయలుదేరే ముందు

శివరాత్రి వెళ్లగానే ఎండలే కదా, మనకు వసంతం ఎక్కడుంది?

చెట్ల మీద ఉంది. మన మెట్ట నేలల్లో చాలా చెట్లు వాన కోసం ఎదురుచూడవు. ఆకు రాల్చి, ఎండల్లోనే పూసి, ఎండల్లోనే చిగురిస్తాయి. ఫిబ్రవరి, మార్చిల్లో మోదుగ, బూరుగు పూస్తాయి. ఉగాదికి వేప పూత, ఆ వెనకే ఇప్ప. ఏప్రిల్, మేలలో రేల. ఈ పూల కోసం, చిగురు తినే పురుగుల కోసం పిట్టలు చేరతాయి. చాలా పిట్టలకు జతకట్టి గూడు పెట్టే కాలం కూడా ఇదే.

సీతాకోకచిలుకల విషయంలో మాత్రం ముందే చెబుతున్నాను. మన దగ్గర అవి ఎక్కువగా కనిపించేది వానలు పడ్డాక, ఆగస్టు నుంచి నవంబరు దాకా. చలిదేశాల ఫోటోలు చూసి మార్చిలో పొలం నిండా రంగులు ఉంటాయనుకుంటే నిరాశే. తక్కువ కనిపిస్తాయి, కానీ ఎక్కడ నిలబడాలో తెలిస్తే తప్పకుండా కనిపిస్తాయి.

దీనికోసం అడవికే వెళ్లాలా?

అక్కర్లేదు. ఊరి చెరువు కట్ట, మామిడి తోట అంచు, పాత దిగుడుబావి చుట్టూ పెరిగిన పొదలు, గుట్ట పక్క బీడు చాలు. ఐదు కిలోమీటర్లు నడవడం కన్నా విరగబూసిన ఒక్క మోదుగ దగ్గర అరగంట నిలబడడం మేలని నా నమ్మకం. కొత్తవాళ్లు చేసే తప్పల్లా ఎక్కువ దూరం నడవడమే.

హైదరాబాద్‌లో ఉంటే అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. వికారాబాద్ వైపు అనంతగిరి గుట్టలు ఒక రోజు ప్రయాణానికి బాగుంటాయి. రిజర్వు అడవుల్లోకి అనుమతి లేకుండా వెళ్లకండి. ఫిబ్రవరి నుంచి మే దాకా కార్చిచ్చుల కాలం, అటవీ సిబ్బంది అసలే టెన్షన్‌లో ఉంటారు.

నేలపట్టు, తేలినీలాపురం లాంటి నీటిపక్షుల కేంద్రాలకు ఇప్పుడు వెళ్తే లాభముంటుందా?

మార్చి దాటాక ఆశ తక్కువ. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు), తేలినీలాపురంలో గూడబాతులు, రంగు కొంగలు గూళ్లు పెట్టేది శీతాకాలం చుట్టూ. పిల్లలు ఎగరడం నేర్చుకోగానే గుంపులు కదిలిపోతాయి. ఉత్తరాది నుంచి వచ్చిన బాతులు కూడా మార్చి, ఏప్రిల్‌లలో తిరుగు ముఖం పడతాయి. ఆ ప్రయాణాన్ని డిసెంబరు, జనవరికి వాయిదా వేసి వసంతాన్ని మెట్ట పొలాలకే ఇవ్వండి.

బైనాక్యులర్ తప్పనిసరా? ఏది తీసుకోవాలి?

మొదటి నెల అక్కర్లేదు. ఆ తర్వాత కొంటే 8×42 రకం చూడండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. పది రెట్లది ఇంకా మంచిదని షాపులో అంటారు గానీ చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది. సీతాకోకచిలుకలు కూడా చూడాలనుకుంటే రెండు మీటర్ల దూరంలో ఉన్నదాన్ని స్పష్టంగా చూపిస్తుందో లేదో షాపులోనే పరీక్షించండి. చాలామంది ఇది అడగడం మరిచిపోతారు.

వేరేవాళ్ల పొలాల్లో తిరిగితే ఏమైనా అంటారా?

అడిగి వెళ్తే ఏమీ అనరు. అడక్కుండా మెడలో కెమెరాతో గట్ల మీద తిరిగితే భూమి కొలవడానికి వచ్చారనుకుంటారు, మామిడి కాయ మీద ఉన్నప్పుడైతే ఇంకా అనుమానం. కనిపించిన మొదటి మనిషికి నమస్కారం పెట్టి, పిట్టలు చూడ్డానికి వచ్చామని చెప్పండి. ఏ చెట్టు తొర్రలో ఏముందో ఆయనే చూపిస్తాడు.

అడగడానికి ఇంకో కారణం ఉంది, ఇది ప్రాణాలకు సంబంధించింది. అడవిపందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. అది చట్టవిరుద్ధం, అయినా పెడుతూనే ఉన్నారు. చీకట్లో తెలియని చేలో అడుగు పెట్టకండి. గోడ లేని వ్యవసాయ బావులు కూడా గడ్డిలో కనిపించవు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

భేషుగ్గా. గంటన్నర కన్నా ఎక్కువ వద్దు. బూట్లు, టోపీ, నీళ్లు ఉండాలి. పిట్టల కన్నా ముందు పురుగులు చూపించండి, అవి పారిపోవు.

## పొద్దున్నే: పిట్టలు

ఎన్నింటికి అక్కడ ఉండాలి?

మార్చిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. వెలుగు రేఖ కనిపించేసరికి మీరు చెట్టు కింద ఉండాలి. ఎనిమిదిన్నర దాటితే పిట్టల సందడి సగానికి పడిపోతుంది. ఏప్రిల్‌లో ఇంకా ముందే. ఆదివారం కాస్త నిద్రపోయి తొమ్మిదింటికి వెళ్తామంటే పిట్టలు ఎక్కడికీ పోవు గానీ, నీడలో నోరు మెదపకుండా కూర్చుంటాయి.

అరుపు వినిపిస్తుంది, పిట్ట కనిపించదు. దేని గొంతో ఎలా తెలుసుకోవాలి?

ఈ కాలంలో పదే పదే వినిపించేవి కొన్నే. వాటిని పట్టుకుంటే మిగిలినవి వాటంతట అవే విడిపోతాయి.

రాగి చెంబు మీద చిన్న సుత్తితో ఆగకుండా కొట్టినట్టు టుక్ టుక్ టుక్ అంటే కంసాలి పిట్ట. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, ఆకుపచ్చగా, నుదుట ఎర్రగా ఉంటుంది. మర్రి, రావి చెట్ల ఎత్తు కొమ్మల్లో వెతకండి. పొదలోంచి బరువుగా ఊప్ ఊప్ ఊప్ అంటే జెముడుకాకి. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు. పొద్దు పొడవక ముందే బీడులోంచి గట్టిగా, ఒకే మాటను విరిచి విరిచి అరిచేది కౌజు.

కోకిల అందరికీ తెలుసు. కాకపోతే కూ అని స్వరం పెంచుకుంటూ పోయేది మగది: ఒళ్లంతా నలుపు, కన్ను ఎరుపు. ఆడది గోధుమ రంగు మీద తెల్ల మచ్చలతో ఉంటుంది, కిక్ కిక్ కిక్ అని తొందరగా అరుస్తుంది. దాన్ని చూసి వేరే పిట్ట అనుకుని అడిగేవాళ్లు ఎక్కువ. నీళ్లకు ఎంతో దూరంలో తాటిచెట్టు చివర, కరెంటు తీగ మీద కూర్చుని నవ్వినట్టు కేకలు వేసేది తెల్ల రొమ్ము లకుముకి పిట్ట. దానికి చేపలే కావాలనేం లేదు, మిడతలు, తొండలు చాలు.

ఫోన్‌లో మెర్లిన్ యాప్ గొంతు విని పేరు సూచిస్తుంది. పనికొస్తుంది, కానీ పిట్టను కళ్లతో చూశాకే నమ్మండి.

మోదుగ పూసింది, అక్కడ ఏమేం చూడొచ్చు?

నన్నడిగితే ఈ కాలం మొత్తానికి అదే మంచి చోటు. ముందు తేనెపిట్ట వస్తుంది. ఫిబ్రవరి మొదట్లో మగవాటిలో కొన్నిటికి పసుపు పొట్ట మీద నిలువుగా ఒక నల్ల చార మాత్రమే ఉంటుంది. జతకట్టే కాలానికి ఒళ్లంతా నీలి నలుపుగా మారి ఎండలో మెరుస్తుంది. రెండు రూపాలూ ఒకే చెట్టు మీద కనిపిస్తే రెండు జాతులని రాసుకోకండి. ఆడది పైన మట్టి రంగు, కింద లేత పసుపు.

తర్వాత పికిలిపిట్టలు, గోరువంకలు, పూలను కొరికి పడేసే రామచిలుకలు. పూల దగ్గర చేరిన పురుగుల కోసం పసులపోలిగాడు కాపు కాస్తుంటాడు, నల్లగా, తోక చివర రెండుగా చీలి ఉంటుంది. అదృష్టం బాగుంటే గులాబి గోరువంకల గుంపు దిగుతుంది: గులాబి ఒళ్లు, నల్లటి తల, నల్లటి రెక్కలు. మధ్య ఆసియా, తూర్పు ఐరోపా వైపు నుంచి చలికాలం గడపడానికి వచ్చి, ఏప్రిల్‌కల్లా గూళ్లు పెట్టడానికి తిరిగి వెళ్లిపోతాయి. అప్పటిదాకా జొన్న చేలు, మోదుగలు, బూరుగులే వాటి మకాం. ముక్కులకు, నుదుటికి అంటిన పుప్పొడిని కూడా గమనించండి. ఈ చెట్లలో పరాగ సంపర్కం చాలావరకు పిట్టల పనే.

పాలపిట్ట దసరాకే కదా కనిపించేది?

ఏడాది పొడుగునా ఉంటుంది. దసరాకు మనం వెతుకుతాం, అంతే. నిజానికి చూడదగ్గ కాలం వసంతమే. జతకట్టే వేళ నిట్టనిలువుగా పైకెగిరి, అటూ ఇటూ దొర్లుతూ, బొంగురుగా అరుస్తూ కిందికి దూకుతుంది. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగుగా ఉంటుంది కాబట్టి చూపు దాటిపోతుంది, రెక్క విప్పితేనే ఆ నీలాలు. తెలంగాణ రాష్ట్ర పక్షి ఇదే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది.

రెండు తీతువులు నెత్తిమీద తిరుగుతూ అరుస్తున్నాయి, అపశకునమా?

మీకు కాదు, వాటికి. మీరు గుడ్ల దగ్గరికి వచ్చారని అర్థం. తీతువు గూడు కట్టదు. దున్నిన చేలో, చెరువు ఎండిన నేలలో గులకరాళ్ల మధ్య సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది, అవీ మట్టి రంగులో మచ్చలతో ఉంటాయి. ఉన్నచోటే ఆగి, అడుగు చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. ఎండ ముదిరితే తల్లి నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మీరు అక్కడే నిలబడి ఫోటోలు తీస్తుంటే ఆ పని ఆగిపోతుంది, గుడ్లు ఉడికిపోతాయి.

గిజిగాడి గూళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. సెల్ టవర్ల వల్లేనా?

కాదు. అవి పోయిన వానాకాలం గూళ్లు. గిజిగాడు వానలతో, పచ్చగడ్డి దొరికే రోజుల్లో కడతాడు. జూన్ తర్వాత అదే తాటిచెట్టు దగ్గరికి వెళ్లి చూడండి.

కలివికోడి కనిపించే అవకాశం ఉందా?

లేదనే చెప్పాలి. 1848లో శాస్త్రవేత్తలు నమోదు చేసిన ఈ పక్షి, 1900 తర్వాత జాడ లేకుండా పోయి, 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టిచ్చింది స్థానిక వేటగాడే. ముళ్లపొదల నేలల్లో రాత్రిపూట తిరిగే పక్షి. దానికోసం లంకమలేశ్వర అభయారణ్యమే ఏర్పడింది. సొంతంగా టార్చి పట్టుకుని వెతకడానికి వెళ్లకండి.

## ఎండెక్కాక: సీతాకోకచిలుకలు

పొద్దున ఆరింటికి వెళ్తే ఒక్కటీ కనిపించలేదు, ఎందుకు?

వాటి ఒంటికి సొంత వేడి చాలదు. ఎండ తగిలి కండరాలు వేడెక్కాకే ఎగరగలవు. ఎనిమిది నుంచి పదకొండు మంచి సమయం. మొదటి అరగంట రెక్కలు పరిచి ఎండ కాచుకుంటాయి, ఫోటోలకు అప్పుడే వీలు. మీ నీడ వాటి మీద పడకుండా చూసుకోండి. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అవీ నీడ వెతుక్కుంటాయి, మీరూ అదే చేయండి.

ఎండుటాకు అనుకున్నది ఎగిరిపోయింది. అదేమిటి?

చాలావరకు గోధుమ రంగు సాయంకాలపు సీతాకోకచిలుక అయి ఉంటుంది. దాని గొంగళిపురుగు వరి, గడ్డి తింటుంది. కొన్ని జాతులకు వానాకాలం రూపం ఒకటి, ఎండాకాలం రూపం ఒకటి ఉంటాయి. వానల్లో పుట్టినదానికి రెక్క అడుగున కళ్లలాంటి చుక్కలు ఉంటాయి. ఎండల్లో పుట్టినదానికి ఆ చుక్కలు మాసిపోయి, రెక్క అంచు ఆకు మొనలా సాగుతుంది. నేలంతా రాలిన ఆకులే ఉన్న రోజుల్లో దాక్కోవడానికి అదే మంచి వేషం. అందుకే వసంతంలో దూరం చూడకండి, రెండు అడుగుల ముందు నేల చూడండి.

ఏ సీతాకోకచిలుకను ఏ చెట్టు దగ్గర వెతకాలి?

పూల కన్నా ఆకు ముఖ్యం. పూలమీద ఏదైనా వాలుతుంది, గుడ్లు మాత్రం తన పిల్లలు తినే ఆకు మీదే పెడుతుంది.

జిల్లేడు దగ్గర నారింజ రంగు మీద నల్ల, తెలుపు అంచులున్నది తిరుగుతుంది. నిమ్మ, బత్తాయి తోటల్లో నలుపు మీద పసుపు మచ్చలది. రేల లేత చిగురు వేసినప్పుడు లేత పసుపు, ఆకుపచ్చ కలిసినవి గుంపుగా దాని చుట్టే ఉంటాయి. గన్నేరు ఆకు కింద అద్దంలా మెరిసే వెండి బుడ్డి వేలాడుతుంటే అది ముదురు గోధుమ రంగు సీతాకోకచిలుక ప్యూపా, అంటే గొంగళిపురుగు రెక్కలు తొడుక్కునే ముందు కదలకుండా గడిపే దశ.

మామిడి తోటలో రెండు పనులున్నాయి. ఒకటి, తలెత్తి కొమ్మల మీద పెరిగి వాటి మీదే బతికే బదనిక మొక్కను చూడండి. రైతుకు అది చీడ, కానీ రెక్క అడుగున పసుపు, ఎరుపు మెరిసే ఒక అందమైన సీతాకోకచిలుక దాని మీదే పెరుగుతుంది. రెండు, ముదురు ఆకుల మీద నడి ఈనెను చూడండి. ఇరువైపులా ఈకల్లాంటి ముళ్లున్న పచ్చటి పురుగు ఒకటి ఈనెకు సరిగ్గా ఒదిగి పడుకుంటుంది. చూపించినా కొందరికి కనపడదు.

మోటారు దగ్గర తడి మట్టి మీద గుంపుగా వాలాయి, నీళ్లు తాగుతున్నాయా?

నీళ్లతో పాటు ఉప్పు. తేనెలో సోడియం దాదాపు ఉండదు, అందుకని తడి మట్టిని, పశువుల మూత్రం పడ్డ నేలను పీలుస్తాయి. గుంపులో ఎక్కువ మగవే. జతకట్టేటప్పుడు ఆ ఉప్పులో కొంత ఆడదానికి అందుతుంది. ఎండాకాలం చుట్టుపక్కల తడి లేనప్పుడు బోరు మోటారు దగ్గరి బురదే వాటికి దిక్కు. కూర్చుని మెల్లగా జరిగితే చెయ్యి చాపేంత దగ్గరికి రానిస్తాయి.

కరివేపాకు చెట్టు మీద పిట్ట రెట్టలాంటి పురుగు ఉంది, మందు కొట్టాలా?

వద్దు. అది పెద్ద నల్ల సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు రెట్టలా కనిపించి పిట్టల నుంచి తప్పించుకుంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది, అదేం విషం కాదు. నాలుగు రెమ్మలు పోతాయి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. పైగా మీరు వండుకునే ఆకు మీద మందేమిటి?

రెక్కల పొడి కళ్లలో పడితే చూపు పోతుందంటారు, నిజమా?

నిజం కాదు. అవి రెక్కల మీది సన్నటి పొలుసులు. కంట్లో పడితే దుమ్ము పడ్డట్టే ఉంటుంది, నీళ్లతో కడిగితే సరి. పట్టుకోకపోవడానికి కారణం వేరే: పొలుసులు రాలిన రెక్క మళ్లీ బాగుపడదు.

## దీపాలు పెట్టాక: చిమ్మటలు

చిమ్మటకు, సీతాకోకచిలుకకు తేడా ఎలా పట్టాలి?

మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం చివర చిన్న గుండు ఉంటుంది. చిమ్మటకు దారంలా గానీ ఈకలా గానీ ఉంటుంది. రంగును, వేళను నమ్మొద్దు. నల్ల రెక్కలు, నారింజ పట్టీలతో కందిరీగను తలపిస్తూ పట్టపగలు పూల మీద తిరిగే చిమ్మటలున్నాయి.

ఇంట్లోనే చూడాలంటే ఏం చేయాలి?

తెల్ల దుప్పటి ఒకటి గోడకో దండేనికో కట్టి, ముందు ఒక తెల్ల బల్బు పెట్టండి. అమావాస్య దగ్గరి రాత్రులైతే ఎక్కువ వస్తాయి, వెన్నెల్లో తక్కువ. ఏడున్నర నుంచి పది దాకా చూసి లైటు తీసేయండి. లేకపోతే తెల్లారాక పిట్టలు, బల్లులు ఆ గోడ మీదే టిఫిన్ కానిస్తాయి. వాన పడ్డ మరుసటి రాత్రి అస్సలు వదులుకోకండి.

అడవి అంచున మద్ది చెట్టుకు గట్టి కాయలాంటిది వేలాడుతోంది, కాయ కాదంటున్నారు?

దసలి అనే అడవి పట్టుపురుగు గూడు కావచ్చు. లోపలి ప్యూపా ఎండలన్నీ అలాగే గడిపి తొలకరి వానలకు చిమ్మటగా బయటికి వస్తుంది. అప్పుడు దానికి తినే నోరు కూడా పనిచేయదు, జతకట్టి గుడ్లు పెట్టడమే పని. మహదేవ్‌పూర్ వైపు ఈ గూళ్లతోనే దసలి పట్టు తీస్తారు. కోయకండి. ఇంకో సంగతి, ఇప్ప పూలు రాలే వేళ తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి ఎలుగుబంట్లు వస్తాయి. నల్లమల, ఆదిలాబాద్ వైపు ఒంటరిగా వెళ్లొద్దు.

గొంగళిపురుగు తగిలి దురద పెడుతోంది, ఏం చేయాలి?

రుద్దకండి, నూగు ఇంకా లోపలికి దిగుతుంది. సెల్లోటేపు అతికించి లాగితే నూగు చాలావరకు వస్తుంది. తర్వాత సబ్బు నీళ్లతో కడగండి. కంట్లో పడినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇవన్నీ పంట తినే పురుగులే కదా, చూసి ఆనందించడమేంటి?

అడిగేది రైతులే కాబట్టి సూటిగా చెబుతాను. కొన్ని నిజంగానే శత్రువులు. 2018లో దేశంలోకి వచ్చిన మొక్కజొన్న కత్తెర పురుగు ఒక చిమ్మట పిల్లే. కానీ వేల జాతుల్లో పంటను ముట్టేవి కొద్ది. బొప్పాయి పూలకు పుప్పొడి చేర్చే పని చాలావరకు రాత్రిపూట తిరిగే పెద్ద చిమ్మటలదే. పసులపోలిగాడు, పాలపిట్ట తమ పిల్లలకు పెట్టేదీ ఈ పురుగులనే.

## ఇంటికి వచ్చాక

ఫోటో ఉంది, పేరు తెలియదు. ఎక్కడ అడగాలి?

ఐనాచురలిస్ట్‌లో పెడితే యాప్ ఒక సూచన ఇస్తుంది, తెలిసినవాళ్లు సరిచేస్తారు. సీతాకోకచిలుకైతే రెక్క పైభాగం, అడుగుభాగం రెండూ తీయండి. వాలిన మొక్క ఫోటో కూడా పెడితే పని సగం అయిపోతుంది. పిట్టల జాబితాకు ఈబర్డ్ మేలు. మామూలు పిట్టలు కూడా రాయండి, కాకితో సహా. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పెరటి పిట్టల లెక్క ప్రపంచమంతటా జరుగుతుంది, మొదలుపెట్టడానికి అది మంచి సాకు.

పిట్ట పిల్ల గూట్లోంచి పడింది, తెచ్చి పెంచాలా?

ఈకలు వచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. కుక్క, పిల్లి అందుకోని కొమ్మ మీద పెట్టి దూరంగా జరగండి, తల్లి పక్కనే ఉంటుంది. ఈకలే రాకపోతే గూడు వెతికి అందులోనే పెట్టండి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఉత్త మాట. కాకి పిల్లయితే మాత్రం నెత్తిన టోపీ పెట్టుకుని ఆ పని చేయండి.

తోటలో దొరికిన రామచిలుకను ఇంట్లో ఉంచుకోవచ్చా?

కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. జోస్యం చెప్పేవాళ్ల దగ్గర ఉన్నవీ ఇందులోకే వస్తాయి. గాయపడి దొరికితే అట్టపెట్టెకు గాలి రంధ్రాలు చేసి, అందులో చీకటిగా ఉంచి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోతాయి.